సందులో మైనపు మనిషి

సూర్యాపేట,
3-7-1993.

చెల్లె స్వరాజ్యాన్ని దీవించి ఆనందం రాయునది:

ఇక్కడ అంతా కులాసా. మీ వదినకు మోకాళ్ల నొప్పులు, నాకు మీ వదిన మాటలు. ఎవరి బాధ వాళ్లం ఓర్చుకుంటున్నాం.

అసలు సంగతికి వస్తాను. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్న బ్యాటరీ రైలు మేడ మీద బల్ల చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉంది. పాపం, ఆగడానికి దానికో ఊరు లేదు. సూర్యాపేటకు రైలొస్తుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇక ఆ మాట నమ్ముకుంటే లాభం లేదని, మీ మిర్యాలగూడనే ఆ బల్ల మీద కట్టాలని కూర్చున్నాను. స్టేషన్ అయిపోయింది, ఫోటోలు చూసి కట్టేశాను. ఇప్పుడు మీ మిల్లు కావాలి. పట్టాలు కాంపౌండు లోపలిదాకా వచ్చి, గోదాము పక్కనే వ్యాగన్లు ఆగే మిల్లు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? బజారులో దొరికే ప్లాస్టిక్ ఇండ్లు నాకు వద్దు. కిటికీ చువ్వతో సహా ప్రతిదీ నా చేతిలోనే తయారవ్వాలి.

గజానికి అర అంగుళం లెక్కన కడుతున్నాను. నాయన పోయాక నువ్వు పట్టుబట్టి పట్టుకుపోయిన గజం కర్ర ఉంది కదా, దానితో గోదాము, షెడ్లు, గోడలు అన్నీ కొలిచి పంపు. పట్టాల వెంబడి మాత్రం కర్ర పెట్టకు, వ్యాగన్లు తిరిగే చోటు. పట్టాల కింది అడ్డదిమ్మెలు, అదే స్లీపర్లు, లెక్కపెట్టు చాలు. రెండు స్లీపర్ల మధ్య దూరం అంతటా ఒకటేనట, స్టేషన్‌లో అడిగి తెలుసుకున్నాను.

దుకాణం మామూలే. గుమాస్తా దశరథ ఎక్కడి నుంచో టేపు కొనుక్కొచ్చి, "సేటూ, గజానికి నాలుగు వేళ్ల గుడ్డ ఊకెనే పోతున్నది. గిట్లయితే దుకాణం ఖతం" అని రోజూ సతాయిస్తున్నాడు. నేనేం చేయను? కర్ర పెట్టి, దాని కొసకు నాలుగు వేళ్లు ఆనించి, వేళ్ల అవతలి నుంచి మళ్లీ కర్ర పెట్టడం నాయన నేర్పిన పని. ఆ కొసరు వదలకుండా గుడ్డ చించితే నాకు అన్నం సయించదు.

బావగారిని అడిగానని చెప్పు.

మీ అన్న,
ఆనందం

*

మిర్యాలగూడ,
14-7-1993.

అన్నయ్యకు స్వరాజ్యలక్ష్మి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మీ బావగారు ఒకటే నవ్వు. "మీ అన్నకు దుకాణంల గిరాకీ లేదా ఏంది?" అన్నారు. గిరాకీ ఉంటేనే మా అన్న ఇట్లా ఉంటాడు, లేకపోతే మిల్లు మొత్తం కట్టి ఊరేగిస్తాడు అన్నాను.

ఫోను చేయకుండా ఉత్తరాలెందుకని వదిన అడుగుతుందేమో. ఫోను ఉన్నది మిల్లు ఆఫీసులో. నలుగురు హమాలీలు, ఇద్దరు గుమాస్తాలు చెవులప్పగించి వింటుంటే గోడల కొలతలు అరిచి చెప్పమంటావా?

కొలిచాను. ఆదివారం మిల్లు బందు ఉన్న పూట వెళ్లాను. పట్టాల అవతల గుడిసెలో ధర్మా అని వాచ్‌మన్ ఉంటాడు, తండా మనిషి. మా పెండ్లి నాటి నుంచీ ఆ గుడిసెలోనే ఉన్నాడు. హమాలీలు గడ్డపారలతో వ్యాగన్ తోసే ముందు అతనివైపు చూస్తారు. గోదాము పక్క సందులో నుంచి ఎవరూ రావడం లేదని చూసుకొని అతను పచ్చజెండా ఊపితేనే వ్యాగన్ కదులుతుంది. నేను కర్ర పెడుతుంటే అతని భార్య పుష్పాబాయి బొగ్గుతో గీతలు గీసింది. స్లీపర్లు ధర్మానే లెక్కపెట్టాడు.

ఈ ఎండాకాలమే మీ బావగారు గోదాముకు ఆనించి ఊక కోసం కొత్తగా రేకుల షెడ్డు వేయించారు. అది ఇరవై గజాలు వచ్చింది. షెడ్డు అయిపోయిన చోట సందు, సందు అవతల ప్రహరీ గోడ. గేటు నుంచి ప్రహరీ దాకా స్లీపర్ల లెక్క వేరే కాగితం మీద రాశాను. షెడ్డు వాసానికి రాసుకొని నా చీర కొంగంతా మసైపోయింది. మంచి చీర, నీ దుకాణందే. ఇంకొకటి పంపించు.

దుకాణంలో గుడ్డ తాను కొలిచినట్టే వంగి వంగి కొలిచాను, నడుము విరిగింది. నాయన చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

నీ చెల్లె,
స్వరాజ్యం

*

సూర్యాపేట,
22-8-1993.

చెల్లె స్వరాజ్యానికి,

మీ మిల్లు నా బల్ల మీద లేచింది. వచ్చి చూడాలి నువ్వు, బావగారి కంటే నేనే బాగా కట్టాను.

రేకులు ఎట్లా చేశానో చెప్పనా? పాత పెండ్లి పత్రికల అట్టను దువ్వెన పళ్ల మీద పెట్టి, ఖాళీ రీఫిల్‌తో రుద్దితే అచ్చం రేకు. కిటికీ అద్దాలకు మీ వదిన మోకాలి ఎక్స్‌రే ఫిల్ము కోశాను. డాక్టరు మళ్లీ తెమ్మన్నాడని అది వెతుకుతోంది, నువ్వేం చెప్పకు. చింతగింజకు గోనె పీచు చుడితే వడ్ల బస్తా. పట్టాల కింద కంకరకు టీ డికాక్షన్‌లో నానబెట్టి ఎండబెట్టిన నూకలు. నేల మీద మిల్లు బూడిదకు పూజగదిలో అగరుబత్తుల బూడిద. దేవుడికి కోపం రాదు, మీ వదినకే వచ్చింది.

ధర్మా గుడిసె మరీ ముద్దుగా వచ్చింది. చీపురు పుల్లలతో కప్పు వేశాను. అగ్గిపుల్లకు పచ్చ కాగితం అంటించి చేతికి జెండా ఇచ్చాను.

ఒక్క చోటే కొంచెం బోసిగా అనిపించింది. షెడ్డుకూ ప్రహరీకీ మధ్య సందు నేననుకున్నంత ఇరుకుగా లేదు, వెడల్పుగా వచ్చింది. ఖాళీగా ఎందుకని మైనంతో ఒక హమాలీని చేసి, మిరియం గింజ తల పెట్టి, బస్తా ఎత్తి అక్కడ నిలబెట్టాను. అతనికి పేరు నువ్వే పెట్టాలి.

గోదాము అరుగు మాత్రం స్లీపర్ల లెక్కకు కొద్దిగా పొట్టిగా పడింది. ధర్మా రెండు మూడు స్లీపర్లు ఎక్కువ లెక్కపెట్టి ఉంటాడులే. పోనీ, సర్దేశాను.

చీర పంపుతున్నాను. ఊకలో తిరగకు.

ఆనందం

*

మిర్యాలగూడ,
19-9-1993.

అన్నయ్యా,

క్షేమం రాయడానికి చేయి రావడం లేదు. మిల్లులో ఘోరం జరిగింది.

హమాలీలు వ్యాగన్ తోస్తున్నారు. ధర్మా జెండా ఊపాడు. అదే సమయానికి సందులో నుంచి వీరయ్య అనే హమాలీ నెత్తిన బస్తాతో పట్టాల మీదికి వచ్చాడు. కుడికాలు మోకాలి కింద పోయింది. హైదరాబాదు దవాఖానలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదంటున్నారు. ఆ కేక నాకు ఇంట్లోకి వినబడింది. ఇప్పటికీ వినబడుతోంది.

మర్నాడు పొద్దున్నే మీ బావగారు ఊక షెడ్డు పీకించేశారు. మళ్లీ ఎవరికీ అడ్డం కావద్దని అంటున్నారు. ఆ జాగా అంతా బూడిద పోసి చదును చేయించారు. ఇప్పుడు అక్కడ షెడ్డు ఉండేదంటే నమ్మేటట్టు లేదు.

గొడవంతా ఇప్పుడు దాని మీదే. సందులో ఎడ్ల బండి తిరిగేంత జాగా ఉండేదని, ధర్మా చూడకుండా జెండా ఊపాడని ఈయన అంటున్నారు. "ఒక మనిషి పక్కకు తిరిగి పోవాలె సేటూ. గుడిసెకెల్లి సందు కనబడతలేదని షెడ్డు ఏసిన్నాడే చెప్పిన గద" అని ధర్మా మొత్తుకుంటున్నాడు. హమాలీలు నోరు విప్పరు, అందరికీ రేపు అదే మిల్లులో కూలి. వీరయ్యను అడిగితే, నెత్తి మీద బస్తా, నాకేం తెలుసు అన్నాడట.

పెద్దమనుషులు కూర్చుంటున్నారు. కోదాడ నుంచి వెంకటనర్సయ్య గారు, తండా నుంచి కాశీరాం. తప్పు ధర్మాదని తేలితే పోలీసు కేసు పెడతారు. నౌకరీ పోతుంది, జైలూ తప్పదు. పుష్పాబాయి మా వాకిట్లోకి వచ్చి కాసేపు కూర్చొని పోతోంది. ఆమె ముఖం చూడలేకపోతున్నాను.

షెడ్డు ఫోటో ఒక్కటీ లేదు. అప్పుడు మీ బావగారికే నీ బొమ్మ మిల్లు గుర్తొచ్చింది. గొడవకు ముందు కొలిచింది, గొడవకు ముందు కట్టింది. ధర్మా కూడా ఒప్పుకున్నాడు. ఏమన్నాడో తెలుసా? "కొలిచింది అమ్మ గద. గా బొమ్మల ఎట్లుంటె గట్లనే. నాకు ఒప్పుదల" అన్నాడు.

మిల్లు కట్టిన చెక్క పలకను ఉన్నదున్నట్టు జాగ్రత్తగా పంపు. ఆ మైనపు మనిషికి నేను పేరు పెట్టలేదు కదా. ఇప్పుడు పెట్టనవసరం లేదు.

స్వరాజ్యం

*

సూర్యాపేట,
23-9-1993.

స్వరాజ్యం,

నీ ఉత్తరం చదివి మీ వదినా నేనూ అన్నం ముందు కూర్చొని లేచిపోయాం. ఆ వీరయ్య పిల్లలు ఎంతవాళ్లో ఏమో.

పలకను గడ్డిలో పెట్టి, బట్టల బేళ్ల మధ్య కట్టించి లారీలో పంపుతున్నాను. డ్రైవరుకు పసిపిల్లను అప్పగించినట్టు అప్పగించాను.

పంపే ముందు బల్ల దగ్గర వంగి, గుడిసె తలుపుకు కన్ను ఆనించి చూశాను. ఏం చెప్పను తల్లీ, సందు స్పష్టంగా కనబడుతోంది. మైనపు మనిషి బస్తాతో సహా నిలువునా కనబడుతున్నాడు. ధర్మా మంచివాడే కావచ్చు. కునుకు తీశాడో, పరధ్యానంలో ఉన్నాడో. పాపమనిపిస్తోంది, కానీ ఉన్నమాట ఉన్నట్టు ఒప్పుకొమ్మను, శిక్ష తగ్గుతుంది.

నా వరకు నాకు గుండె కుదుటపడింది. నీ ఇంటి మీదికి మాట రాదు. అన్నగా నాకు కావలసింది అదే.

ఆనందం

*

మిర్యాలగూడ,
30-9-1993.

అన్నయ్యకు,

నీ బొమ్మ వచ్చింది. పంచాయతీ కూర్చుంది.

మిల్లు ఆఫీసు బల్ల మీద పెట్టారు. పెద్దమనుషులు ఒక్కొక్కరే వంగి గుడిసె తలుపులోంచి చూశారు. "కనపడతానే ఉందిగా మనిషి, ఇంతలావు సందుంటే ఏంటయ్యా నువ్వు చూసింది?" అన్నారు వెంకటనర్సయ్య గారు. ధర్మా కూడా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, "గీ జాగ లేకుండె" అన్నాడు. అంతే. నావైపు మాత్రం చూశాడు. అమ్మ కొలిచింది కదా అని ఒప్పుకున్నవాడు అన్నయ్యా, నేను తలుపు చాటున నిలబడి చచ్చిపోయాను.

ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం మళ్లీ కూర్చొని తేల్చేస్తారట.

ఇప్పుడు నేను అడిగేదానికి నిజం చెప్పు. ఆ సందు అంత వెడల్పు లేదు. ఆ రోజు నేను అందులో పక్కకు తిరిగి నడిచాను. ఇటు షెడ్డు చివరి వాసం నా కొంగుకు తగిలింది, అటు నా చేయి ప్రహరీకి తగిలింది. ఈయనతో అంటే, "నీకు అన్నీ ఇరుకుగనే కనబడుతయ్" అని కొట్టిపారేశారు. నా చీర మీది మసి సాక్ష్యమా?

ఇంకొకటి. ప్రమాదం జరిగిన రెండో నాడు మీ బావగారు హాలియాకు వెళ్తున్నానని చెప్పి వెళ్లారు. నిన్న ఆయన బీరువాలో నీ దుకాణం పేరున్న సంచి దొరికింది. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? నా ఇంటి మీదికి మాట రావద్దని రాశావు కదా. అందుకని ఎక్కడ కోశావు, ఎక్కడ జరిపావు? నాకోసం ఒక మనిషిని జైలుకు పంపమని నేను నిన్ను అడిగానా?

స్వరాజ్యం

*

సూర్యాపేట,
3-10-1993.

స్వరాజ్యలక్ష్మికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, నువ్వే రాశావా అని.

అవును, బావగారు వచ్చారు, ప్రమాదం మాట మాత్రం ఎత్తలేదు; నీకు చెప్పే వచ్చారనుకొని నేను రాయలేదు. మేడెక్కి బొమ్మ చూశారు. కొలతలు ఎవరివని అడిగారు. అన్నీ చెల్లె పంపినవే అన్నాను. తలూపి, దుప్పటి కొనుక్కొని వెళ్లిపోయారు. నేను కోసిందీ లేదు, జరిపిందీ లేదు. ఆ షెడ్డు నువ్వు రాసిన ఇరవై గజాలకు సరిగ్గా పది అంగుళాలు ఉంది. స్కేలు పెట్టి చూసుకో.

అబద్ధం ఉంటే నా కత్తెరలో లేదు, నీ కర్రలో ఉంది. మిల్లు యజమాని భార్యవు. ఎట్లా కొలిస్తే ఇంటికి మంచిదో నీకు ముందే తెలుసేమో, నాకేం తెలుసు?

ఇంతమాట రాయించుకున్నావు. ఇక నాకు ఉత్తరాలు వద్దు.

ఆనందం

*

సూర్యాపేట,
5-10-1993.

తల్లీ స్వరాజ్యం,

మొన్నటి ఉత్తరం నీకు చేరకముందే ఇది చేరితే బాగుండును. చేరితే దాన్ని విప్పకు. విప్పి ఉంటే ఈ అన్నను నాలుగు తిట్టి ఇది చదువు.

ఇవాళ గరిడేపల్లి నుంచి ఒకాయన బొంతలకు గుడ్డ కొనడానికి వచ్చాడు. పెద్ద బేరం. తాను పరిచి కొలుస్తున్నాను. కర్ర పెట్టాను, నాలుగు వేళ్లు ఆనించాను, వేళ్ల అవతలి నుంచి మళ్లీ కర్ర పెట్టాను. పక్కనుంచి దశరథ మామూలుగానే గొణిగాడు: "ఇరవై గజాలంటడు, ఇస్తుండేది ఇరవై ఒకటిన్నర పైనే." నా చేయి తాను మీద అట్లాగే ఆగిపోయింది.

స్వరాజ్యం, నువ్వు నేలను కూడా అట్లాగే కొలిచావు కదూ? తాను కొలిచినట్టే కొలిచానని నువ్వు రాసింది అప్పుడు నాకు తలకెక్కలేదు. కర్ర కర్రకూ మధ్య నాలుగు వేళ్లు వదిలావు. నువ్వు ఇరవై అని లెక్కపెట్టిన షెడ్డు ఇరవై గజాలు కాదు, ఇంకా పొడుగు. నా బొమ్మలో అది పొట్టిది. స్లీపర్లు ధర్మా సరిగ్గానే లెక్కపెట్టాడు, ప్రహరీ ఉన్నచోటే ఉంది. పొట్టి షెడ్డుకూ సరైన ప్రహరీకీ మధ్య, లేని సందు పుట్టుకొచ్చింది. అరుగు పొట్టిగా పడింది కూడా అందుకే. నేను ధర్మాను అనుమానించాను.

లెక్క వేశాను. షెడ్డును నా బొటనవేలి వెడల్పంత పొడిగించాలి. నా మైనపు మనిషి నిలబడింది సరిగ్గా అంత జాగాలోనే.

నువ్వు అబద్ధం కొలవలేదు. నేను అబద్ధం కట్టలేదు. నాయన ఇద్దరి చేతుల్లోనూ పెట్టిపోయిన కొసరు ఇది.

ఇప్పుడు రాసేది చదివి నన్ను తక్కువగా చూడకు. నాకు భయంగా ఉంది. ఇది బయటపెడితే, షెడ్డు ఎందుకు పీకించావని అందరూ బావగారినే అడుగుతారు. ఆయన కోపం నీకు తెలుసు. ఫోను చేద్దామనుకున్నాను, ఎత్తేది ఆయనే. ధర్మా నాకేమవుతాడు? నువ్వు నా తోడబుట్టినదానివి. నీ కాపురం కంటే నాకేదీ ఎక్కువ కాదు. ఈ ఉత్తరం చించేస్తే చించెయ్, నేను నోరెత్తను. చెప్పమంటే మాత్రం ఏ వేళనైనా బస్సెక్కి వస్తాను.

మీ అన్న,
ఆనందం

*

మిర్యాలగూడ,
12-10-1993.

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ముందు వచ్చిందే ముందు విప్పాను. తిట్టాల్సినవి తిట్టుకున్నాను, ఇక దాని ఊసు వద్దు. రెండోది చించలేదు.

నిన్ను రమ్మనలేదు. కొలిచింది నేను, చెప్పాల్సింది నేను.

ఆదివారం అందరూ కూర్చున్నాక గజం కర్ర పట్టుకొని వరండాలోకి వెళ్లాను. మీ బావగారు "లోపలికి పో" అన్నారు. పోలేదు. పెండ్లయిన నాటి నుంచి ఆ మాట విని పోకుండా ఉన్నది అదే మొదటిసారి.

గుమాస్తాతో వరండా పొడుగు టేపు పెట్టించాను. తర్వాత దాన్నే కర్రతో నేను కొలిచాను. వెంకటనర్సయ్య గారు ముందుకు వంగి, "ఆ వేళ్లేంటమ్మా మధ్య మధ్యలో?" అన్నారు.

"మా నాయన నేర్పిందండీ. మేం బట్టల వాళ్లం. ఆ షెడ్డునూ ఇట్లాగే కొలిచాను. నా లెక్క తక్కువ పడింది" అన్నాను.

టేపు లెక్కకూ నా లెక్కకూ తేడా అందరూ చూశారు. కాశీరాం మళ్లీ కొలవమన్నాడు. కొలిచాను. మళ్లీ అంతే.

అప్పుడు నువ్వు చెప్పినంత అట్ట ముక్క కోసి బొమ్మ షెడ్డు చివర అంటించాను. అంటించాలంటే మైనపు మనిషి అడ్డం. అతన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ముక్క పెట్టాక అతన్ని మళ్లీ నిలబెడదామని చూశాను, నిలబడటం లేదు అన్నయ్యా. పక్కకు తిప్పితేనే పట్టాడు. ధర్మా చెప్పినట్టే.

పెద్దమనుషులు వంగి చూశారు. "లేదండీ, ఏం కనపడట్లా" అన్నారు వెంకటనర్సయ్య గారు. ధర్మాను కూడా చూడమన్నారు. అతను కదలలేదు. "నేను సూసేదేముందయ్యా, రోజూ సూసిందే గద" అన్నాడు.

కాశీరాం మీ బావగారి వైపు తిరిగి, "మరి షెడ్డు ఎందుకు పీకిచ్చినవ్ సేటూ?" అన్నాడు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. దానితో తేలిపోయింది.

ధర్మా మీద కేసు లేదు. వీరయ్య మందులూ, ఇంటి ఖర్చూ మిల్లు చూసుకోవాలన్నారు. ఆఫీసు తాళాలు కొన్నాళ్లు ఇంకో భాగస్తుడి దగ్గర ఉండాలన్నారు. మీ బావగారికి కాలు పోయినంత పనయింది. నడిచే కాలు కాదు కాబట్టి నేను ఏడవలేదు.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వడ్డిస్తే తింటారు, మంచినీళ్లకు గ్లాసు చప్పుడు చేస్తారు. పుష్పాబాయి నిన్న వచ్చి నా చేయి పట్టుకొంది, ఆ నాలుగు వేళ్లూ గట్టిగా నొక్కి పోయింది. సంతోషంగా ఉందా అంటే ఉంది. భయంగా ఉందా అంటే అదీ ఉంది.

స్వరాజ్యం

*

సూర్యాపేట,
16-10-1993.

తల్లీ,

ఒక్క మాటకు రెండు మాటలు రాసే నాకు ఇవాళ కలం నడవడం లేదు. నేను భయపడి దాక్కున్న చోటు నుంచి నువ్వు కర్ర పట్టుకొని నడిచిపోయావు. నాయన ఉంటే గద్దె మీద నిన్నే కూర్చోబెట్టేవాడు. మీ వదిన నీ ఉత్తరం చదివి ఏడ్చింది, తర్వాత ఎక్స్‌రే సంగతి తెలిసి నన్నూ ఏడిపించింది.

నీకు అక్కడ ఊపిరి ఆడకపోతే జీపు మాట్లాడుకొని వస్తాను. దసరాకని చెప్పి వచ్చేయ్. తర్వాత సంగతి తర్వాత. రమ్మని ఒక్క ముక్క రాయి.

ఆనందం

*

మిర్యాలగూడ,
4-11-1993.

అన్నయ్యకు,

జవాబు ఆలస్యమైంది. జీపు వద్దు.

ఇక్కడ వానలు పడ్డాయి. షెడ్డు లేక ఊకంతా తడిసి ముద్దయింది. మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని వెళ్తే, మీ బావగారు ఆఫీసులో ఒక్కరే ఉన్నారు. నీ బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చొని, గుడిసె తలుపుకు కన్ను ఆనించి చూస్తున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చాలాసేపు చూశారు. మైనపు మనిషిని పట్టాల అంచున పెట్టారు, తీశారు, ఇంకొంచెం వెనక్కి పెట్టారు. నేను అంటించిన ముక్కను వేలితో తాకారు.

తర్వాత, నావైపు తిరగకుండానే అన్నారు: "షెడ్డు మల్ల ఎయ్యాలె. ఎక్కడి దాంక ఏస్తే గుడిసెకెల్లి మనిషి కనబడుతడో, ముందు మీ అన్నను గా బల్ల మీద కట్టి సూడమను. గాయిన సరే అన్నంకనే మేస్త్రీని పిలుస్త."

ఇన్ని రోజులకు ఆయన నాతో అన్న మొదటి మాట ఇది. క్షమించమనలేదు, నేనూ అడగలేదు. నేను బయటికి వచ్చి పంపు దగ్గర ముఖం కడుక్కున్నాను.

బొమ్మను ఆయనే గడ్డిలో సర్ది లారీకి ఎక్కించారు. మైనపు మనిషి అగ్గిపెట్టెలో విడిగా వస్తున్నాడు. షెడ్డు నువ్వు ఎక్కడిదాకా కట్టినా సరే, ధర్మా గుడిసెలోంచి ఇతను కనబడాలి.

దశరథ మాట విని దుకాణంలో కొసరు మానేయకు. గుడ్డకు అది ఉండాల్సిందే.

జాగా కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. టేపుతో కొలిచాం. అటు కొస ధర్మా పట్టుకున్నాడు, ఇటు కొస మీ బావగారు పట్టుకున్నారు. నేను రాసుకున్నాను.

నీ చెల్లె,
స్వరాజ్యం